బామ్మర్ది పట్టిన తాడు

నల్లమలకు పోయొచ్చిన అని చెప్పిన కాడికెల్లి మా బన్సీలాల్‌పేట్ల ప్రతి ఒక్కళ్లు ఒకటే అడుగుతున్నరు. "పులి కనిపించిందా?" కనిపించలే. పరుపు కుట్టిచ్చుకోను మా దుకాణానికి వచ్చిన బ్యాంకు సారు సుత అదే అడిగిండు. పులి కోసం పోలే సారూ, బూరుగు దూది కోసం పోయిన అంటే నవ్విండు. దూది ఆన్‌లైన్ల దొరకదా అన్నడు. దొరుకుతది, ఎందుకు దొరకదు? కానీ నాకు కావాల్సింది దూది ఒక్కటే కాదని ఆయనకు ఎట్ల చెప్పాలె! పరుపుకు కొలతలు తీసుకొని పంపించిన. చెప్పలేని ఆ ముచ్చటే ఇప్పుడు రాస్తున్న.

మేము దూదేకులోళ్లం. మా ఇంట్ల నమాజు ఉంటది, మాట మాత్రం తెలుగే. మా నాయన బతికున్నన్ని రోజులు ఎండకాలం వచ్చిందంటే దూది ఏకే విల్లు భుజానేసుకొని అచ్చంపేట దిక్కు ఊళ్లు తిరిగేటోడు. నన్ను ఎంబడి తీస్కపోయేటోడు. అడవిల బూరుగు కాయలు పగిలే కాలం అది. చెంచోళ్లు ఆ దూది ఏరుకొచ్చి మాకిచ్చేటోళ్లు, మేము వాళ్లకు బెల్లం, బట్టలు ఇచ్చేటోళ్లం. అక్కడ నా ఈడు పిల్లనే ఒకతి ఉండె. పేరు ఈదమ్మ. ఇద్దరం చెట్ల కింద దూది ఏరుకుంట, సగం ఏరి సగం గాలికి ఊదుకుంట తిట్లు తినేటోళ్లం. నా పెండ్లయినంక నేను మళ్ల ఆ దిక్కు పోలే. నాయన పోయినంక పోనీకి సాకు సుత లేకుంట అయింది. అయినా బూరుగు కాయ పగిలే ఎండ వచ్చిందంటే ఇప్పటికీ నా పాణం అటే గుంజుతది.

మొన్న ఎండలు ముదురుతున్నప్పుడు చింతపండు కోసం బోయిన్‌పల్లి మార్కెట్‌కు పోయిన. సరుకు తెచ్చినాయనది మన్ననూరు పక్కన ఊరంట. ఆ పేరు ఇనంగనే నేను బేరం మర్చిపోయిన. "అన్నా, అడవి ఎట్లుందే?" అన్న. "ఏముంటది అమ్మా, యురేనియం తవ్వుతరంట. ముందుగాల బోర్లేసి చూస్తరంట. పెంటలు లేపుతరని అంటున్నరు" అన్నడు. చెంచోళ్ల గూడేన్ని పెంట అంటరు. ఈదమ్మది సుత ఒక పెంటనే. నేను చింతపండు తీసుకోకుంటనే ఇంటికొచ్చిన.

"చింతపండేదే?" అన్నడు మా ఆయన.

"నేను నల్లమల పోతున్న."

"నేనడిగింది చింతపండు!"

"ఒక్కరోజు పులుసు లేకుంటే సచ్చిపోతవా ఏంది?" అన్న.  నాకు కోపం ఎక్కువని మా గల్లీల అందరికీ ఎరుకే, ఆయనకు జెర ఎక్కువ ఎరుక.

అచ్చంపేట బస్సుల

ఉత్త చేతులతోని పోతే బాగుండదని తల కింద పెట్టుకునే మెత్తలు రెండు కుట్టి మూట గట్టుకున్న. కండక్టరు ఆ మూట చూసి, "అమ్మా, నీకు ఫ్రీ గానీ నీ మెత్తలకు ఆధార్ కార్డున్నదా?" అన్నడు. బస్సంత నవ్వింది. నేను సుత నవ్విన. సున్నా రూపాయల టికెట్ చేతిల పెట్టుకొని కూసున్న.

పక్క సీట్ల ఒకావిడ. రాజమండ్రి వాళ్లంట, కూకట్‌పల్లిల కర్రీ పాయింట్ నడుపుతరంట. ఉమామహేశ్వరం మొక్కు తీర్చుకోను పోతున్నది. కల్వకుర్తి రాకముందే మా ఇద్దరికీ లడాయి అయింది. నేను యురేనియం ముచ్చట ఎత్తంగనే ఆమె, "తవ్వితే తవ్వనివ్వండి, కరెంటు రావాలి కదండీ. కరెంటు పోతే నా కూరలన్నీ పాడైపోతాయి. ఆ నష్టం మీకేం తెలుసు?" అన్నది.

"మీ గోదావరి ఒడ్డుకు తవ్వితే తెలుస్తది" అన్న నేను, నా నోరు ఊకుంటదా!

ఆమె కిటికీ దిక్కు తిరిగింది. కోపం వచ్చిందేమో, పోనీ అనుకున్న. జెరసేపైనంక మెల్లగ చెప్పింది. "తవ్వారండి. ఇసుక తవ్వేశారు. మా రేవు పోయింది. చిన్నప్పుడు అక్కడే ఈత నేర్చుకున్నాను. ఇప్పుడు ఊరెళ్తే ఆ వైపుకి నడవను."  డిండి చెరువు కాడ బస్సు ఆగితే ఆమె పులిహోర డబ్బా తీసి సగం నాకు పెట్టింది. ఆవాలు, పచ్చిమిర్చి, మస్తు ఇంగువ. మేము ఇంగువ వాడం, వాసన పడదు. ఆ రోజు మాత్రం మెతుకు ఇడువకుంట తిన్న. చాయ్ నేను తాగిచ్చిన. పదిహేను రూపాయలకు బొటనవేలంత కప్పు. మా దిక్కు ఇరానీ చాయ్ గిట్ల పోస్తే హోటల్ల కొట్లాటలు అయితయి.

అచ్చంపేటల దిగేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకొని, "అడవి నా తరఫున కూడా చూసి రండి" అన్నది. ఇంత లడాయి పెట్టుకున్న మనిషి గంత మాట అంటదని నేను అనుకోలే.

మన్ననూరు దాటినంక

అడవి షురూ అయ్యే కాడ ఫారెస్టోళ్ల గేటు ఉంటది. గేటు దాటి జెర దూరం పోయినంక ఆటో దిగిన. రోడ్డు పక్కన టెంటు ఏసి ఆడోళ్లు కూసున్నరు. బట్ట మీద ఎర్ర రంగుతోని రాసిన్రు: "మా నీళ్లల్ల ఇషం కలపొద్దు." నేను మూట పట్టుకొని టెంటు పక్కనుంచి పోతుంటే ఒకామె అడ్డం నిలబడ్డది.

"ఎవరు నువ్వు? బోర్లోళ్ల మనిషివా?"

"నేను బోర్లోళ్ల లెక్క కనిపిస్తున్ననా?"

"వాళ్లు సుత మనుషుల లెక్కనే కనిపిస్తున్నరు. మూట ఇప్పు."

నడిరోడ్డు మీద నా మూట ఇప్పిచ్చిన్రు. రెండు మెత్తలు, రెండు చీరలు, ఒక అత్తరు సీసా బయటపడ్డయి. ఆడోళ్లు మొకాలు మొకాలు చూసుకున్నరు. అప్పుడు టెంటుల మూలకు కూసున్న ముసలామె లేచి, మెత్తను ఒత్తి చూసి, "ఇట్ల ఏకే చెయ్యి నాకెరుకే" అన్నది. "విల్లు పట్టుకొని వచ్చే మస్తాన్ ఉండె. ఆయన బిడ్డవా?"

నాకు దుఃఖం ఆగలే. నాయన పోయి ఎంత కాలమైంది! మా గల్లీల సుత ఆయన పేరు తలిచేటోళ్లు ఇప్పుడు లేరు. ఈ అడవిల, ఈ ఎండల, ఎవరో ముసలామె నోట్ల ఆ పేరు ఇన్న. రోడ్డు మీదనే కూసొని ఏడ్చిన. ఇంతసేపు నన్ను దబాయిచ్చినామెనే నాకు కుండల నీళ్లు తెచ్చి తాపింది.

రెండు నెలల కింద కొత్త మనుషులు జీపుల వచ్చిన్రంట. మిషన్లు దించబోతే ఈ ఆడోళ్లే రోడ్డుకు అడ్డం పండుకున్నరంట. అప్పటికెల్లి మొకం ఎరుక లేని మనిషిని వట్టిగ పోనిస్తలేరు. ఎల్లుండి సార్లు వచ్చి ఈదమ్మ వాళ్ల పెంటల సభ పెడ్తరంట, బోర్లకు ఒప్పుకుంటరా లేదా అని అడుగుతరంట. అన్ని పెంటలు ఆ ఒక్క పెంట దిక్కే చూస్తున్నయి. ఎందుకంటే వాళ్లు బోరు వెయ్యాలనుకున్న కొండ ఆ పెంట మీదనే ఉన్నది. పెంట పేరు నేను రాస్తలేను. వాళ్లే రాయొద్దన్నరు.

ఈదమ్మ ఇల్లు

ఈదమ్మ నన్ను గుర్తుపట్టలే. నేను పేరు చెప్పినంక కింది నుంచి మీది దాక చూసి, "హుసేనమ్మా! గింత లావైనవేందే?" అన్నది. ఇన్నేండ్లకు కలిస్తే మొదటి మాట అది. "నువ్వేం తిండి లేక ఎండుకపోయినవా?" అన్న నేను. ఇద్దరం మీదపడి నవ్వుకున్నం, తర్వాత ఏడ్చినం. మెత్తలు ఇస్తే ఒకటి తన కోడలు నడుం కింద పెట్టింది. కొడుకు కూలికి దూరం పోయిండు. కోడలికి వానలు పడే యాళ్లకు నెలలు నిండుతయి, ఇప్పటికే కూసుంటే లేవలేకపోతున్నది.

సగం సిమెంటు ఇండ్లు, సగం గుండ్రటి గడ్డి గుడిసెలు. సిమెంటు ఇండ్లల్ల సామాన్లు పెట్టుకుంటరు, మనుషులు గుడిసెలల్ల పండుకుంటరు. రాత్రికి జొన్నరవ్వతోని వండిన గట్క పెట్టింది, ఎంట చింతపండు. చింతపండును చెట్టు బెరడు కాల్చిన బూడిదతోని కలిపి తింటరు, పులుపు ఇరుగుతదంట. చిన్నప్పుడు నేను తిని మూతి వంకర పెట్టినట్టు ఈదమ్మ నటన చేసి చూపెట్టింది. ఇప్పుడు సుత వంకరే పెట్టిన. ఇప్పపువ్వు ఏంచి పెట్టింది, అది మాత్రం కిస్మిస్ లెక్క తియ్యగ ఉండె, గుప్పిళ్లు గుప్పిళ్లు తిన్న.

ఆమె మొగడు బయన్న మాట్లాడని మనిషి. తేనె కోసేటోడు. పెంట మీద నిటారుగ ఉన్న కొండకు నడిమిట్ల పెద్ద పెద్ద తేనె తుట్టెలు ఉంటయి. పైనుంచి తాడు దించుకొని, గాల్ల ఏలాడుకుంట, పచ్చాకు పొగబెట్టి కొయ్యాలె. పొద్దు గూకక ముందే కొండ కింద నిలబడి చూపెట్టిన్రు. ఈ సారి తుట్టెలు నిండి కారుతున్నయి, ఎవరూ దిగలే.

"ఎందుకు దిగలే?" అని తిన్నంక అడిగిన.

ఈదమ్మ కోడలి దిక్కు చూసి, నన్ను బయటకు తీస్కపోయి చెప్పింది.

వాళ్లల్ల ఒక కట్టుబాటు ఉన్నది. తేనెకు దిగేటోని తాడు అన్న పట్టుకోడు, తమ్ముడు పట్టుకోడు, కన్నకొడుకు సుత పట్టుకోడు. బామ్మర్దే పట్టుకోవాలె. పెండ్లాం తోడబుట్టినోడు. ఎందుకంటే తాడు జారితే ముండమోసేది వాని అక్కనే. ఆస్తి కోసం అన్నదమ్ములు ఏమన్నా అనుకోవచ్చు, గానీ తోడబుట్టిన దాని బొట్టు చెరిపే చెయ్యి ఉండదని వాళ్ల నమ్మకం. మా దిక్కు బామ్మర్ది అంటే ఏంది? వచ్చిండంటే కోడి కొయ్యాలె, అలిగితే బతిమిలాడాలె. మా ఆయన నా తమ్ముని కోసం ఎన్ని కోళ్లు కోసిండో ఆ అల్లాకే తెల్వాలె. వీళ్లు బామ్మర్ది చేతిల పాణమే పెడుతున్నరు.

ఈదమ్మకు ఒక్కడే తమ్ముడు, లింగయ్య. అదే పెంటల, చివరి గుడిసె. పోయిన వానకాలం వాని పెండ్లానికి నొప్పులు వస్తే డోలీ కట్టి రోడ్డు దాక మోసిన్రు. వాగు పొంగి ఉండె. రోడ్డు రాకముందే పెండ్లాం పోయింది, కడుపుల బిడ్డ సుత పోయింది. జీపుల బోర్లోళ్లు వచ్చినప్పుడు, ఒప్పుకుంటే తొవ్వ ఏస్తం, రోడ్డు మీద ఇండ్లు కట్టిస్తం అన్నరు. లింగయ్య ముందట నడిచి వాళ్లకు కొండ చూపెట్టిండు. ఆ దినం కాడికెల్లి బయన్న బామ్మర్దితోని మాట్లాడుడు బంద్ చేసిండు.

"ఇటు మొగడు, అటు తోడబుట్టినోడు. ఎవరి దిక్కు మాట్లాడాలె నేను?" అన్నది ఈదమ్మ. "తేనె పోతే పోనియ్యే, మళ్లేడు వస్తది. ఎల్లుండి వాడు సభల లేచి ఒప్పుకుంట అంటే వాని ఎంబడి ఇంకొన్ని ఇండ్లు లేస్తయి. పెంట రెండు ముక్కలైతది. కొండ పోతది, తమ్ముడు పోతడు. రెండూ పోతే నాకేం మిగులుతదే హుసేనమ్మా?"

 ఆమె చెయ్యి పట్టుకొని కూసున్న.

కొండ మీద

పొద్దుగాల లేచేసరికి బయన్న ఇంట్ల లేడు. చూరుకు ఏలాడే తాడు సుత లేదు. ఈదమ్మ నేను ఉరికినట్టు బయటకొస్తే, బయన్న లింగయ్య గుడిసె ముందట నిలబడ్డడు. మాట లేదు. అడవి నారతోని పేనిన ఆ తాడు చుట్టను గడప కాడ పెట్టి ఎనకకు తిరిగి కొండ దిక్కు నడిచిండు.  జెరసేపైనంక లింగయ్య బయటకొచ్చిండు. బక్కపల్చటి మనిషి, గడ్డం పెరిగింది. తాడును చూసిండు. అక్కను చూసిండు. వంగి తాడు భుజాన ఏసుకున్నడు.

నేను వాళ్ల ఎంబడే ఎక్కుడు షురూ చేసిన. సగం దూరం పోయినమో లేదో లింగయ్య ఆగి ముక్కు ఎగబీల్చి, "ఎవరు ఈ వాసన?" అన్నడు. నేనే! కొండెక్కుతున్న కదా అని మంచిగ మల్లె అత్తరు రాసుకొని బయలెల్లిన. ఈదమ్మ నెత్తి కొట్టుకున్నది. "ఓసి పిచ్చిదానా, ఈగలు నిన్ను పువ్వనుకుంటయే!" నన్ను కిందికి తీస్కపోయి మడుగుల కూసోబెట్టి మట్టితోని మెడ, చేతులు తోమింది. నా తోలు ఊడింది గానీ వాసన మొత్తం పోలే. ఆఖరికి ఆమె తన పాత చీర నాకు కప్పి, మీదికి పోకుంట, పక్కబండ మీద దూరంగ కూసోబెట్టింది. నా దోస్తు నోటికొచ్చినంత నన్ను తిట్టింది. చిన్నప్పటి తిట్లే, ఒక్కటి సుత మర్చిపోలే. నాకు ఎంత సంబురమైందో చెప్పలేను.

అక్కడికెల్లి అంత కనిపిస్తది. బయన్న నడుంకు తాడు కట్టుకున్నడు. లింగయ్య ఇంకో కొసను బండకు ఒక చుట్టు తిప్పి, రెండు కాళ్లు తన్నిపెట్టి పట్టుకున్నడు. ఒకరి మొకం ఒకరు చూసుకోలే. బయన్న పొగ కట్ట నోట్ల కరుచుకొని అంచు దాటిండు. కింద ఏమీ లేదు, చెట్ల కొసలు తప్ప. ఒక్కసారి గుంజితే ఇంకా దించాలె, రెండుసార్లు గుంజితే ఆపాలె. మాట అవసరం లేదు. మాట్లాడుకోని వాళ్లు సుత ఆ పని చేసుకోవచ్చని అప్పుడు అర్థమైంది.

పొగ లేసింది. ఈగలు నల్లగ లేసినయి. గాలి తిరిగిందేమో, పొగతోని పాటు సగం ఈగలు మీదికి వచ్చినయి. లింగయ్య మొకం మీద వాలినయి. ఈదమ్మ నా చెయ్యి ఇరుగుతదా అన్నట్టు పట్టుకున్నది. వానికి రెండు చేతులూ తాడు మీద ఉన్నయి. కొట్టుకోనీకి లేదు, తుడుచుకోనీకి లేదు. కండ్లు మూసుకున్నడు. పండ్లు బిగపట్టిండు. ఒకటి కాదు, రెండు కాదు, కుడుతనే ఉన్నయి, వాని మెడ నరాలు ఉబ్బినయి, తాడు మాత్రం కదలలే. నేను యా అల్లా యా అల్లా అంటున్న. ఈదమ్మ శ్రీశైలం మల్లన్నను పిలుస్తున్నది. ఆయన చెంచు పిల్లను చేసుకున్నడని, మా అల్లుడని వీళ్లు వరసతోనే పిలుస్తరు. "అల్లుడా, వాని చెయ్యి ఇడిపియ్యకు" అంటున్నది.

ఆఖరికి తాడు గుంజుకొని బయన్న అంచు మీదికి వచ్చిండు. ఎనక తేనె తుట్టె ముక్కలు నిండిన బుట్ట ఉన్నది. సగమే కోసిండు. మొత్తం కోస్తే ఈగలు మళ్ల రావంట. లింగయ్య తాడు ఇడిచి కూలబడ్డడు. ఒక కన్ను పూర్తిగ మూసుకపోయింది. బయన్న వాని ముందట కూసొని, ముండ్లు ఒక్కొక్కటి గోటితోని తీసిండు. అప్పుడు సుత మాట లేదు. మొదటి తుట్టె ముక్క తాడు పట్టినోనిది. బయన్న అది తుంచి వాని చేతిల పెట్టిండు. లింగయ్య తిన్నడు.

"అయిపోయిందే! కలిసిన్రు!" అన్న నేను ఈదమ్మతోని, సంబురంగ.

"నీకేం తెల్వదు. ఊకో" అన్నది.

సభ

తెల్లారి సార్లు వచ్చిన్రు. కుర్చీలు వాళ్లే తెచ్చుకున్నరు. ఒక సారు మంచిగనే మాట్లాడిండు, అబద్ధం చెప్పొద్దు. బోర్లేసి చూసుడు వరకే అన్నడు, తవ్వుడు తర్వాత ముచ్చట అన్నడు. తొవ్వ వస్తది, దవాఖాన వస్తది అన్నడు. ఒక ముసలాయన లేచి, "బోరేస్తే ఊట తెగుతది. ఊట తెగితే మేము తాగేదేంది, జింక తాగేదేంది?" అన్నడు. ఒకరి ఎనక ఒకరు లేచి వద్దన్నరు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

అప్పుడు లింగయ్య లేచిండు. ఉబ్బిన మొకం, మూసుకపోయిన కన్ను.  నిన్న తాడు ఇడువనోని మాటకు ఇయ్యాల విలువ పెరిగింది, అది వానికి సుత ఎరుకే.  వద్దంటడనే అనుకున్న. నిన్నటి సంగతి చూసినోళ్లు ఎవరైనా అట్లనే అనుకుంటరు.

"నేను ఒప్పుకుంటున్న" అన్నడు.

ఈదమ్మ లేచింది. "ఒరే లింగా! నిన్న ఈగలు పీక్కతింటుంటే తాడు ఇడువలే. ఇయ్యాల కొండను ఎట్ల ఇడుస్తున్నవురా?"

"తాడు నీ కోసం పట్టిన అక్కా. ఇది సుత నీ కోసమే అంటున్న." వాడు ఈదమ్మ కోడలి దిక్కు చెయ్యి చూపెట్టిండు. ఆ పిల్ల నా మెత్తకు ఆనుకొని కూసున్నది. "నాది పోయింది, తిరిగి రాదు. వానలు పడంగనే వాగు పొంగుతది. ఈ పిల్లను ఎవరు మోస్తరు? నువ్వు మోస్తవా? బావ మోస్తడా? నేనైతే ఇంకోసారి మొయ్యలేను."

సార్లు సుత తల వంచుకున్నరు. ఈదమ్మ తమ్ముని ముందటికి నడిచింది. "తొవ్వ కావాలె, ఎవరొద్దన్నరురా? తొవ్వ కోసం కొండ ఎందుకియ్యాలె? తొవ్వ అడుగుదాం."

"అడిగినం అక్కా. మన నాయన అడిగిండు. నేను అడిగిన. కొండ కావాలన్నప్పుడే గదా వీళ్లు మన గడప తొక్కింది."

  ఆఖరికి చేతులెత్తమన్నరు. ఒప్పుకోనోళ్లే ఎక్కువున్నరు. లింగయ్య ఎంబడి లేస్తయనుకున్న ఇండ్లు లేవలే. సార్లు రాసుకొని, మళ్ల వస్తమని చెప్పి పోయిన్రు. పెంట గెలిచింది. టెంటు ఆడోళ్లు వచ్చి డప్పు కొట్టిన్రు, అందరికీ తేనె పంచిన్రు. లింగయ్య తన గుడిసెల సామాను సర్దుకున్నడు. మన్ననూరుల కూలి పని దొరికిందంట, అక్కడనే ఉంటడంట. ఎవరూ పొమ్మనలే. ఎవరూ ఉండుమనలే.

తిరుగు తొవ్వ

నాకు బూరుగు దూది దొరికింది. ఈదమ్మ నేను కలిసి ఏరినం, చిన్నప్పటి లెక్క కొంచెం గాలికి సుత ఊదినం. ముక్కుకు ఆనిచ్చుకుంటే నాయన చొక్కా వాసన. ఆ అడవిల నేను పుట్టలే, నాకు అక్కడ ఇల్లు లేదు, వాకిలి లేదు. అయినా అది పోతే నా చిన్నతనం నిలబడనీకి జాగ ఉండదు. ఇది నా స్వార్థమని అనుకునేటోళ్లు అనుకోవచ్చు. పోయొచ్చి ఇన్ని దినాలైనా రోజూ ఒక్కసారన్నా నా మనసు ఆ కొండ కిందికి పోయొస్తున్నది.

నేను బయలెల్లిన పూటనే లింగయ్య సుత మూట ఎత్తుకొని వచ్చిండు. అక్క కాళ్లు మొక్కిండు. "మళ్లేడు తేనెకు కబురు పంపు. ఏడున్నా వస్త. బావకు చెప్పు, తాడు ఇంకొకని చేతిల పెట్టొద్దని."

ఈదమ్మ ఏడుస్తున్నది, చెప్పేటట్టు లేదు. బయన్న గుడిసెల నుంచి బయటకొచ్చిండు. ఇన్ని దినాల తర్వాత వానితోని మొదటిసారి నోరు తెరిచిండు.

"తాడు నువ్వు పట్టుకుంటవ్, నాకెరుకే. నేను ఏడికెల్లి దిగాలెరా?"

 లింగయ్య నా దూది మూట సుత తన నెత్తికే ఎత్తుకొని ముందట నడిచిండు.  ఒక కాడ వాగుల ఇసుక ఎండిపోయి ఉన్నది. అక్కడ ఆగిండు, జెరసేపు కిందికి చూసిండు. పెండ్లాం పాణం ఇడిచింది అక్కడనేనని నేను అడగకుంటనే అర్థమైంది. నేను సుత ఆగిన.

రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డప్పుడు నన్ను అడిగిండు. "అమ్మా, పట్నంల మీ ఇంటికెల్లి దవాఖాన ఎంత దూరముంటది?"

పెద్దదవాఖాన మా గల్లీ పక్కనే. రాత్రి అంబులెన్సుల లొల్లికి నిద్ర పడుతలేదని నేను ఎన్నిసార్లు తిట్టుకున్ననో.

"నడిచిపోవచ్చు" అన్న.

ఆయన తల ఊపిండు. బస్సు వచ్చింది. నా మూట పైకి అందిచ్చిండు.